రోడ్డు మిర్యాలగూడ మీదుగా పోయిన లోకం

జూన్ 17, మంగళవారం

నేను తీసేయలేదు వదినా. నిన్న నువ్వు ఆ మాట అన్నప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నాను. మ్యాపులో రోడ్డు పోయింది కాబట్టి హోటల్ పోయింది. హోటల్ పోయింది కాబట్టి నువ్వు పోయావు. నేను నా చేత్తో చెరిపింది రోడ్డు ఒక్కటే.

నిన్న సాయంత్రం మ్యాపు మంచం మీద పరుచుకుని చూస్తున్నాను. నేను పనిచేసే ఫ్లెక్సీ షాపులో మిగిలిపోయిన ముక్క మీద ప్రింటు తీసింది. వదిన ఉతికిన బట్టలు మడతపెడుతూ వంగి చూసింది. ముందు తన ఊరు వెతుక్కుంది. ఎవరైనా అదే చేస్తారు. కోదాడ దొరకడానికి చాలాసేపు పట్టింది. చుక్కంత పెట్టి, పక్కన 'పశువుల సంత' అని రాశాను.

"మా ఊరింత చిన్నగుందేంటి రత్నం?"

"అటు హైవే లేదు వదినా. ఈ లోకంల హైవే మిర్యాలగూడ మీదికెళ్లి పోతది."

"మరి మా నాన్న హోటలు?"

"హైవే లేంది హోటలెక్కడిది?"

"మీ అన్న?"

"ఉన్నడు. ఇగో, గీడ. మూసీ మీద పడవ నడుపుతడు."

పడవ బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత వేలు తీసింది. "మీ అన్నను బతికించుకోడానికి నన్నూ దీపనూ తీసేశావన్నమాట" అంది. అన్న తనను మొదట చూసింది ఆ హోటల్లోనే.

అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవలేదు. కూతురు దీప గౌను మడిచి పక్కన పెట్టి, ఇంకో గౌను తీసుకుంది.

"ఇది ఉత్త బొమ్మ వదినా."

"బొమ్మే అయితే మమ్మల్ని కూడా ఒక మూల గీయొచ్చుగా."

గీయరాదు. మేము ఫోనులో జరగని చరిత్రకు మ్యాపులు గీస్తాం, మా గ్రూపులో అదే పద్ధతి. ఒక్కటే మార్చాలి. మిగతాదంతా దాని వెంట దానంతటదే రావాలి. యుద్ధంలో ఓడినవాణ్ణి గెలిపించొచ్చు, రాని వరద తెప్పించొచ్చు, కానీ ఒక్కటే. తర్వాత మన ఇష్టం ఉండదు. ఎవరు పుడతారో ఎవరు పుట్టరో అదే చెబుతుంది. అందుకే నాకు ఈ పని నచ్చింది. గ్రూపులో అందరూ వేరే దేశాలవాళ్లు. వాళ్ల ఇంగ్లీషు ఫోనులో తెలుగు చేసుకుని చదువుతాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నన్ను ఎవరూ ఏం చదివావని అడగలేదు, మూసీ ఎందుకు ఇటు తిరిగిందని మాత్రమే అడిగారు.

అన్న పోయింది హైవే మీద. మునగాల దాటాక. లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ. దాని వెనక అన్న నడిపే డీసీఎం వ్యాను. ఇంతకంటే రాయను.

అందుకే రోడ్డు చెరిపాను. రోడ్డు ఒక్కటే.

జూన్ 18

ఇవాళ మ్యాపు ముట్టుకోలేదు.

ముట్టుకున్నాను. మూసీకి ఇంకో వంపు పెట్టాను, అంతే.

జూన్ 20, శుక్రవారం

షాపులో వెంకన్న సేటు పొద్దున్నే మొదలుపెట్టాడు. "ఏం రత్నం, కొత్త దేశం కనిపెట్టుడైందా? అయితే ఆ దేశానికి ప్రధానమంత్రివి నువ్వే అయితివి గానీ, జర ఆ ఫంక్షన్ హాల్ ఫ్లెక్సీ కానియ్."

"అయితున్నది సేటూ."

"అయితున్నది అయితున్నది. నీ నోట్ల ఎప్పుడూ అయితనే ఉంటది." ఇంకు బాటిల్ పెట్టెలు లెక్కపెడుతూ మాట్లాడుతున్నాడు. కాసేపు ఆగి, "జూలై ఆరుకు మీ అన్న ఏడాది ప్రార్థన కూడిక గదా. ఫ్లెక్సీ నన్ను చేయమంటవా?" అన్నాడు. ఆ గొంతు వెంకన్నది కానట్టుంది.

"నేనే చేస్త."

"పైసలు వద్దు. పెద్ద సైజు కొట్టు."

చేస్తాను. ఇంకా టైముంది. ముందు కథ పూర్తి చేయాలి. మ్యాపు ఒక్కటే పెడితే గ్రూపులో ఎవరూ ఒప్పుకోరు, దాని వెనక కథ ఉండాలి. నాది ఇదీ: నిజాం కాలంలో హైదరాబాదు నుంచి బెజవాడకు రోడ్డు కోసం కొలతలు తీస్తున్నప్పుడు మూసీకి పెద్ద వరద వచ్చింది. వంతెన కోసం లేపిన రాతి కట్టడం కొట్టుకుపోయింది. మళ్లీ లేపారు, మళ్లీ పోయింది. ఇంజనీరు విసిగి, కొలిచే గొలుసు చుట్టుకుని దక్షిణానికి తిరిగాడు. రోడ్డు మిర్యాలగూడ మీదుగా పోయింది. మిర్యాలగూడ ఇప్పుడు మహానగరం. సినిమా హాళ్లన్నీ అక్కడే, పెద్ద దవాఖాన అక్కడే. సూర్యాపేట రేవు ఊరు. వంతెన లేదు కాబట్టి పడవలున్నాయి. పడవలున్నాయి కాబట్టి అన్నకు పని ఉంది. పడవ ఎంత గట్టిగా తోలినా గంటకు నాలుగు మైళ్లు పోదు. పడవకు ఎదురుగా లారీ ఆగి ఉండదు.

గ్రూపులో పెడితే బాగుందన్నారు. ఒక పెద్దాయన, ఏ దేశమో తెలియదు, అందరి తప్పులూ పట్టేది ఆయనే, ఒకటి అడిగాడు: 'పాత రోడ్డు పక్కన ఊళ్లలో ఉండాల్సిన మనుషులు ఏమయ్యారు?'

వదిన కూడా అదే అడిగింది.

జూన్ 22, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి పిచ్చయ్య మామ వరండాలో కూర్చుని ఉన్నాడు. వదిన వాళ్ల నాన్న. కోదాడ నుంచి వచ్చినప్పుడల్లా తన హోటల్ గారెలు పొట్లం కట్టుకుని వస్తాడు. ఇవాళా తెచ్చాడు, కానీ విప్పలేదు.

"చెల్లెమ్మా, దాపరికం ఎందుకు" అన్నాడు అమ్మతో. "పిల్లకి ఒక సంబంధం వచ్చింది. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. శివకుమార్ అని, మనోడే, సంఘానికి వస్తాడు. భార్య కాన్పులో పోయింది. పిల్లలు లేరు. దీపను నా బిడ్డే అనుకుంటానన్నాడు."

అమ్మ కొంగు సరిచేసుకుంది. "పిల్లకు ఇరువై ఆరే గదన్నా. నేను అడ్డం పడతనా?"

"నువ్వు పడవని తెలుసమ్మా. అయితే మా దగ్గర ఒక పద్ధతుంది. పోయినోడి ఏడాది కూడికకి ఆ వచ్చేవాణ్ణి పోయినోడి ఇంటివాళ్లే పిలవాలి. వాడొచ్చి ఇక్కడ అన్నం తినాలి. అప్పుడే మీరు మనసారా పంపినట్టు. మీ గడప నుంచి పిలుపు పోకపోతే నేను ఈ మాట ఇంక ఎత్తను."

"మా దిక్కు గూడ గట్లనే. ఎవలు పిలువాలె మరి?"

"ఇంటి మగాడు."

అమ్మ నా వైపు తిరగలేదు. గోడతో అన్నట్టు అంది: "వాడు పిలిస్తె నేను అన్నం పెడత. వాడు పిలువకపోతె నేనేమనను. వాని అన్న."

మామ నన్నే చూశాడు. వదిన చూడలేదు. దీప గారెల పొట్లం లాగుతోంది.

"షాపుల అర్జెంటు పనున్నది మామా" అని లేచాను.

ఆదివారం షాపు మూసి ఉంటుందని అందరికీ తెలుసు. మూసిన షట్టరు ముందు మెట్టు మీద కూర్చుని మామ బస్సెక్కే టైము దాకా గడిపాను.

జూన్ 24

వదినకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదని గుర్తొచ్చి నేనే అడిగాను. గిన్నెలు తోముతోంది.

"ఏం చెప్పమంటావు? అవునంటే మీ అన్నను మర్చిపోయింది అనుకుంటావు. కాదంటే అమ్మయ్య అనుకుంటావు."

"నేనెందుకు అనుకుంట?"

"దీప ఇక్కడే ఉంటుందని. అమ్మ ఏడవదని. ఇల్లు ఇట్లాగే ఉంటుందని." గిన్నె బోర్లించింది. "నీకు ఈ ఇల్లు కదలకూడదు రత్నం. నేను కదలకుండా ఎంతకాలం ఉండను?"

నేను అమ్మయ్య అనుకోను.

జూన్ 26, గురువారం

నాలుగు మ్యాపులు చేశాను, నాలుగూ పాడయ్యాయి.

మొదటిది: హైవే ఉంది, హోటల్ ఉంది, వదిన ఉంది. అయితే మునగాల కూడా ఉంది.

రెండోది: హైవే లేదు. అన్న ఉన్నాడు. దీప పేరు ఎక్కడ రాయాలో తెలియలేదు. పుట్టని పిల్లకు ఊరుండదు. సముద్రం దగ్గర తెల్లగా వదిలేసిన చోట రాసి, చెరిపాను.

మూడోది: మిర్యాలగూడ పెద్ద నగరమైంది కాబట్టి పిచ్చయ్య మామ అక్కడికి వలస వచ్చి హోటల్ పెట్టాడు. బాగానే ఉంది. కానీ పడవవాడు మహానగరానికి ఎందుకు పోతాడు? పోయినా అన్ని హోటళ్లలో ఆ హోటలుకే ఎందుకు పోతాడు?

నాలుగోది: అంతా ఉన్నది ఉన్నట్టే. లారీ ఒక్కటి అక్కడ లేదు. పంక్చరు షాపు దాకా నెట్టుకుపోయారు. గ్రూపులో పెట్టాను. పెద్దాయన ఒకే ముక్క రాశాడు: 'ఇది చరిత్ర కాదు. కోరిక.'



జూన్ 28, శనివారం

ఫ్లెక్సీ కొట్టాను. కట్టడానికి అంచుల్లో రింగులు కూడా వేయించి తెచ్చాను. ఇలా జరుగుతుందనుకోలేదు.

మా షాపులో ఏదీ కొత్తగా మొదలుపెట్టం. పాత ఫైలు తెరిచి, ఫొటో మార్చి, పేరు మార్చి కొట్టేస్తాం. పెళ్లి ఫ్లెక్సీ లోంచే పదవీ విరమణ ఫ్లెక్సీ పుడుతుంది. అన్న ఫ్లెక్సీదీ పాత ఫైలు ఉంది. పోయిన ఏడాది పుట్టినరోజుకు సరదాకు కొట్టి ఇంటి ముందు కట్టాను, వీధంతా నవ్వారు, అన్న ఆ నల్లద్దాలతో దాని ముందే నిలబడి ఫొటో దిగాడు. ఫొటో అదే మంచిది. అందుకే ఆ ఫైలే తెరిచాను. బెలూన్లు తీశాను, కేకు తీశాను, కొవ్వొత్తులు పెట్టాను, సిలువ పెట్టాను. 'ప్రభువునందు నిద్రించిన' అని పెట్టాను. తేదీ కూడా పెట్టాను, వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడకుండా.

అమ్మ దాన్ని మంచం మీద పరచమంది. అమ్మకు చదువు రాదు. "చదువు బిడ్డా" అంది వదినతో.

వదిన పైనుంచి మొదలుపెట్టింది. ఏడాది జ్ఞాపకార్థ కూడిక. అన్న పేరు. తేదీలు. వాక్యం. చివరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, "ఇట్లు, మీ తమ్ముడు రత్నం" అని చదివింది. అమ్మ ఫొటో మీద చెయ్యి వేసి తడిమి, "మంచిగున్నడు" అంది.

తర్వాత బయట తీగ మీది బట్టలు తీస్తూ వదిన నా దగ్గరకొచ్చింది. "కింద లైను చూసుకో."

చూశాను. నా పేరుకు పైన, చిన్న అక్షరాల్లో, రంగు కూడా మారకుండా: నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని కోరుకుంటూ.

"పాత ఫైలు వదినా. తీసుడు మర్చిపోయిన."

"పాత ఫైలేలే" అంది. "ఆ లైను నేను అమ్మకు చదవలేదు."

మర్చిపోయాను, అంతే. రోజూ యాభై ఫైళ్లు మారుస్తాం, ఎవరికైనా జరుగుతుంది. మొన్న ఎవరిదో గృహప్రవేశం మీద వేరేవాళ్ల దశదినకర్మ తేదీ పడింది. ఇది అలాంటిదే.

జూన్ 30

ఇంకోటి కొట్టాలి. పాతది పారేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. వంటపాక కారుతోందని పైన కప్పించింది, బొమ్మ లోపలికి. పొయ్యి ముందు కూర్చుని తల ఎత్తితే కొడుకు కనబడతాడని. కింద ఏం రాసి ఉందో అమ్మకు తెలియదు. దాని కిందే అన్నం వండుతోంది.

జూలై 1, మంగళవారం

మిర్యాలగూడ పోయాను. ఒక పార్టీకి ఫ్లెక్సీ ఇచ్చి రావాలని వెంకన్నకు చెప్పాను. ఫ్లెక్సీ నిజమే. దాన్ని బస్సులో కూడా పంపొచ్చు.

ఒకసారి ఆ శివకుమార్‌ను చూసి, ఏదో ఒక వంక దొరికితే చాలనుకున్నాను. తాగుతాడనో, పొగరనో.

మిల్లు లోపల మర చప్పుడుకు మాట వినపడదు. తౌడు గాల్లో లేస్తోంది. తూకం దగ్గర పలచటి మనిషి, కనుబొమ్మలు కూడా తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. నన్ను చూసి పెన్ను చెవి వెనక పెట్టుకున్నాడు.

"నువ్వు ఏసుబాబు తమ్మునివి గదా?"

"ఎట్ల తెలుసు?"

"గా నడక. మీ అన్న గూడ గట్లనే వస్తుండె, ఎవలనో కొట్టనీకి వచ్చినట్టు." నవ్వాడు, మళ్లీ నవ్వు ఆపేసుకున్నాడు. "దా, చాయ్ తాగుదాం. గీడ మాట వినపడది."

గేటు బయట డబ్బా కొట్టు. నేను అడగకుండానే అన్నీ తనే చెప్పాడు. అన్నకు లోడు చిట్టీలు రాసింది ఈయనేనట. నాకు తెలియదు. వాళ్లు స్నేహితులు కూడా కాదు, లోడు పడేదాకా మాట్లాడుకునేవాళ్లు.

"నీ మీద కోపమొస్తున్నది" అన్నాను. చెప్పాలని చెప్పలేదు.

"రావాలె. రాకపోతె నీది ఏం తమ్మునితనం?" గ్లాసు తిప్పుతున్నాడు. "పిలువకు తమ్మీ, నీకు మనసు లేకపోతె. నేనేమనుకోను. పిచ్చయ్య గారికి నేనే చెప్త, కుదరలేదని."

మ్యాపు గురించి చెప్పేశాను. ఎవరికీ చెప్పనిది ఈయనకెందుకు చెప్పానో. ఫోనులో చూపించాను. మిర్యాలగూడ అంత పెద్దగా ఉండేసరికి ముందు సంబరపడ్డాడు, "మా మిల్లు యాడ?" అని వెతికాడు. హైవే అటు లేకపోతే అన్న బతికేవాడని చెప్పాను. బతికేవాడు గానీ కోదాడకు పోయేవాడు కాదు, హోటల్ చూసేవాడు కాదు, వదినను చూసేవాడు కాదు అని కూడా చెప్పాను. రెండూ ఒక మ్యాపులో పట్టడం లేదని చెప్పాను.

తల అడ్డంగా ఊపాడు. "మీ అన్నకు హైవేతోని ఏం పని?"

"ఏందంటున్నవ్?"

"గీడ నుంచి సూర్యాపేటకు సక్కగ రోడ్డుంది. గంటన్నర. మీ అన్న లోడు సూర్యాపేటకైనా సరే, హుజూర్‌నగర్ దిక్కు తిరిగి, కోదాడ పోయి, ఆ హోటల్ల చాయ్ తాగి, గప్పుడు హైవే ఎక్కుతుండె. డీజిల్ వేస్టని ఓనరు తిడుతుండె. నేనే అడిగిన, ఏంది ఏసు, గంత దూరం చుట్టు తిరిగి పోతవ్, ఆ చాయ్‌ల ఏమున్నది అని. 'చాయ్ ఏం మంచిగుండది శివన్నా' అన్నడు. లగ్గం కాకముందు సంగతిది. లగ్గమైనంక గూడ ఆ చుట్టు తిరుగుడు మానలే. మామకు మొకం చూపియ్యాలె అంటుండె."

చాయ్ చల్లారింది.

"రోడ్డు యాడున్నా మీ అన్న ఆడికే పోతుండె తమ్మీ. బాట లేకుంటె చేసుకుంటుండె."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. చక్కటి రోడ్డే. గంటన్నర. కాలువకు నీళ్లు వదిలారేమో, పొలాల్లో ట్రాక్టర్లు దిగాయి. ఈ రోడ్డు ఎప్పుడూ ఉంది. నా మ్యాపులో కూడా ఉంది, సన్నగా. అన్న ఈ రోడ్డు వదిలి కోదాడ చుట్టు తిరిగి వచ్చేవాడని ఏడాదిగా నాకు తెలియదు.

జూలై 2

గీశాను. హైవే మిర్యాలగూడ మీదుగానే ఉంచాను. కోదాడ పశువుల సంతే. పడవ రేవు నుంచి కోదాడ దాకా చుక్కల గీత ఒకటి, గుట్టల పక్కగా, వాగు దాటి. సామాను పోదు, బండి పోదు. ఒక మనిషి నడిచీ నడిచీ పడిన బాట. సంత పక్కన చిన్న గుడిసె. 'చాయ్ దొరుకును' అని రాశాను.

పద్ధతి తప్పలేదు. ఒక్కటే మార్చాను, మిగతాది దాని వెంటే వచ్చింది. గ్రూపులో పెద్దాయన బాటను ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడని అడిగాడు.

జూలై 3, గురువారం

శివన్నకు ఫోన్ చేశాను. "ఆదివారం అన్న కూడిక. వచ్చి అన్నం తిని పోవాలె" అన్నాను. అవతల మర చప్పుడు. "వస్త తమ్మీ" అన్నాడు.

అమ్మకు చెప్పాను. "ఎన్ని శేర్ల బియ్యం నానబెట్టాలె?" అంది. బియ్యం నానబెట్టేది పెళ్లి అరిసెలకు, కూడికకు కాదు. అమ్మకూ తెలుసు. వంటపాకలోకి పోయి చాలాసేపు రాలేదు.

జూలై 4

వదినకు మ్యాపు ఇచ్చాను. ఈసారి కోదాడ వెంటనే దొరికింది. వేలు బాట వెంట రేవు దాకా పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇంత దూరం చాయ్ కోసం ఎవడొస్తాడు రత్నం?"

"ఒకడొస్తడు."

"మా నాన్న చాయ్ అస్సలు బాగోదు."

"తెల్సు. శివన్న చెప్పిండు."

ఆ పేరుకు తల ఎత్తింది. నేను పిలిచిన సంగతి అమ్మ అప్పటికే చెప్పినట్టుంది. మళ్లీ మ్యాపు మీదికి వంగింది, ముఖం కనబడకుండా. ఒక చుక్క సంత మీద పడింది. కొంగుతో అద్దింది, ఫ్లెక్సీ కాబట్టి ఏమీ కాలేదు.

"మరి నువ్వెక్కడున్నావిందులో?"

నాకు తట్టనే లేదు. ఏడాదిగా గీస్తున్నాను. హైవే లేని సూర్యాపేటలో ఫ్లెక్సీ షాపు ఉండదు. అన్న రేవులో, అమ్మ రేవు పక్క ఇంట్లో. నన్ను నేను ఎక్కడా పెట్టుకోలేదు.

"యాడనో ఉంట లే వదినా."

"పెట్టుకో" అంది. మ్యాపు మడవకుండా చుట్టి, దీప బట్టల సంచిలో అడుగున పెట్టుకుంది.

జూలై 6, ఆదివారం

వాన ఆగింది. కుర్చీలు వచ్చాయి. కొత్త ఫ్లెక్సీ ఈసారి ఖాళీ పేజీ మీద చేశాను. పేరు, రెండు తేదీలు, వాక్యం. రెండో తేదీ కొట్టేటప్పుడు చూస్తూ కొట్టాను. కింద నా పేరు. పైన ఏ లైనూ లేదు.

అమ్మ వంటపాకలో ఉంది. పిచ్చయ్య మామ పాస్టరు గారి కోసం వీధి మొదట్లో నిలబడ్డాడు. వదిన తెల్ల చీరలో దీపకు జడ వేస్తోంది. రేపు పొద్దున ఇద్దరూ మామతో కోదాడ పోతారు. సంచి తలుపు వెనక ఉంది. దాని వైపు చూడకుండా ఇది రాస్తున్నాను.

శివన్న మొదటి బస్సుకే వచ్చాడు. బియ్యం సంచి భుజాన వేసుకుని వచ్చి, వరండాలో దించి, నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి పోయాడు. నిచ్చెన ఎక్కి ఒక కొస వేపచెట్టుకు కట్టాడు. రెండో కొస గాలికి కొట్టుకుంటోంది. అన్న ముఖం మడత పడుతోంది, తెరుచుకుంటోంది. ఒంటి చేత్తో పట్టుకోలేకపోతున్నాడు.

"తమ్మీ! గీ కొస జర పట్టుకుంటవా?"

పోవాలి.